బానెట్ మీద ఊపిరి

వీరేశానికి అన్నీ ఉన్నాయి, ఒక్క మాట తప్ప.

ఆ ఒక్క మాట కోసం అతను ఏళ్ళ తరబడి బక్కయ్య గురువు చుట్టూ తిరుగుతున్నాడు. జనగామ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు కొద్దిమంది శిష్యులున్నారు. వాళ్ళ దారిలో గుడి లేదు, విగ్రహం లేదు, కాషాయం లేదు. గురువూ సంసారే, శిష్యులూ సంసారులే. పున్నమి నాడు ఎవరో ఒకరి ఇంట్లో కూడి, తంబురా మీటుకుంటూ తత్వాలు పాడుకుని, ఇంత అన్నం తిని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు.

బోధ మాత్రం మెట్టుమెట్టుగా ఉంటుంది. ఆఖరి మెట్టు దగ్గర గురువు తన కండువా తీసి, తన తలకూ శిష్యుడి తలకూ కలిపి కప్పి, ఆ చీకట్లో చెవిలో ఒక్క మాట చెబుతాడు. అదేమిటో విన్నవాళ్ళు బయట పెట్టరు. కండువా తీశాక వాళ్ళ మొహాలు చూసి మిగతావాళ్ళు కుళ్ళుకోవడమే.

వీరేశం బాగా కుళ్ళుకున్నాడు. తన తర్వాత వచ్చిన గొర్రెల మల్లేశం కండువా కిందికి వెళ్ళొచ్చాడు. మొన్నమొన్న వచ్చిన బీడీలు చుట్టే రాజవ్వ కూడా వెళ్ళొచ్చింది. తత్వాలన్నీ తప్పు పోకుండా పాడే వీరేశం మాత్రం ఇంకా తంబురా దగ్గరే ఉన్నాడు.

అడిగితే బక్కయ్య గురువు నవ్వేవాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి. బోధలు కూడా బస్సు భాషలోనే చెప్పేవాడు.

"నీ స్టేజీ ఇంక రాలే వీరేశం. తొందరెందుకు? బస్సు నడుస్తున్నది గద. కూసో."

"మల్లేశం దిగిండు గద గురువుగారు."

"ఆయన ఊరు ఆయనది. నీ ఊరు నీది."

ఇంకేం అడుగుతాడు? తంబురా ముందుకు లాక్కునేవాడు.

పాత రోజులు తలుచుకున్నప్పుడల్లా గురువు ఒక సంగతి చెప్పేవాడు. చలికాలం ఫస్ట్ బస్సులో కూలీలు కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయేవాళ్ళట. వాళ్ళు దిగి వెళ్ళిపోతారు, అద్దం మామూలుగానే ఉంటుంది. మర్నాడు పొద్దున మంచు పట్టగానే ఆ నుదుళ్ళ గుర్తులు ఒక్కొక్కటే లేచి కనబడేవట. "నాకు దేవుని పటాల కన్న అవే పెద్దగ అనిపించేటియి," అనేవాడు. శిష్యులు తలలూపేవాళ్ళు. వీరేశం కూడా ఊపేవాడు, ఎక్కడ ఊపాలో అతనికి బాగా తెలుసు.

ఆ కార్తీకంలో గురువు తనంతట తానే అన్నాడు. "వచ్చే పున్నానికి మీ ఇంటికొస్త వీరేశం. నీకు చెప్పాల్సింది ఆడనే చెప్త."

వీరేశం ఆ రోజు ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

ఆ వారంలోనే అతని కొత్త కారు కూడా వచ్చింది. నల్ల కారు. రెండూ ఒకేసారి కలిసి రావడం ఊరికే కాదనుకున్నాడు. కారులో మొదట గురువే కూర్చోవాలి, అప్పటిదాకా ఇంట్లోవాళ్ళెవరూ ఎక్కకూడదని చెప్పేశాడు. అతని భార్య భాగ్య సరేనంది. ఇరవై ఏళ్ళ కాపురంలో సరే అనడం ఎప్పుడు తేలికో ఆమెకు తెలిసిపోయింది.

వీరేశానిది ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం. అలాంటి దుకాణమంటే గ్రీజూ, మడ్డీ. ఇతని దుకాణంలో మాత్రం నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. ఏ బోల్టు డబ్బా దానిదే. తెల్ల చొక్కా వేసుకుని ఇంజన్ ఆయిల్ అమ్మే మనిషిని ఆ ఊళ్ళో ఇతన్నొక్కణ్ణే చూశాం. మనసు కూడా అలాగే తుడిచి పెట్టుకోవాలని అతని నమ్మకం. ఇంత తుడిచినా గురువు ఆ మాట ఎందుకు చెప్పడం లేదన్నదే అతని దిగులు. ఎక్కడో మసక మిగిలి ఉండాలి.

కారు షోరూం నుంచి వచ్చిన మర్నాడు ఎండలో దాని బానెట్ చూసి అతని గుండె జారిపోయింది. నల్ల రంగు మీద సన్న గీతలు, సాలెగూడు పరిచినట్టున్నాయి. షోరూంలో ఎవడో మట్టి గుడ్డతో తుడిచి ఉంటాడు.

"నాకేం కనపడ్తలేవు," అంది భాగ్య.

"ఎండకు పక్కకెళ్లి సూడు."

చూసింది. కనబడ్డాయి. కనబడలేదంటే బాగుండునని తర్వాత అనుకుంది.

ఆ గీతలు పోగొట్టే పని వీరేశం మెకానిక్ చేతిలో పెట్టలేదు. తెలిసినవాణ్ణి అడిగి పాలిష్ డబ్బా, దాని మీద పూసే వ్యాక్స్ డబ్బా తెప్పించాడు. పిల్లి బొచ్చంత మెత్తని గుడ్డలు తెప్పించాడు. పెరట్లో రేకుల షెడ్డు కింద కారు పెట్టి, చుట్టూ నీళ్ళు చల్లి దుమ్ము అణచి, మొదలుపెట్టాడు.

ఆ పనిలో అతన్ని చూస్తే ముచ్చట వేసేది, అబద్ధమెందుకు. ముందు కారు కడిగాడు. చేతికి పల్చని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రంగు మీద మెల్లగా నిమిరాడు. వట్టి చేతికి తెలియని ఇసుక నలుసు కూడా కవరు కింద వేలికి తగులుతుంది. తగిలిన చోటల్లా జిగురు మట్టితో అద్ది తీశాడు. ఆ తర్వాత గుడ్డకు కొంచెం పాలిష్ అద్దుకుని, అరచేయంత మేర తీసుకుని, ఒకే వాటంగా రుద్దుతూ పోయాడు. ఒక చోట పని పూర్తయితేనే పక్క చోటికి జరిగేవాడు.

రంగు లోపలి నుంచి మెరుపు లేవడం మొదలైంది.

అతని తల్లి అండాలమ్మ షెడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండేది. నీటికాసులు వచ్చి ఆమె చూపు ఎప్పుడో పోయింది. వెలుగూ నీడా తప్ప ఇంకేం తెలియదు. అయినా ఆమె ప్రతిదీ "చూస్తాను" అనే అంటుంది. కొత్త చీర తెస్తే అంచు మీద వేళ్ళు నడిపి చూస్తుంది. మనవరాలు హాస్టల్ నుంచి వస్తే చెంపలూ ముక్కూ తడిమి, "చిక్కిపోయినవే," అంటుంది. వీరేశం మొదటిసారి మోటర్ సైకిల్ కొన్నప్పుడు దాని దీపం దగ్గర నుంచి వెనక చక్రం దాకా తడిమి చూసి, చేతికి మసి అంటుకుంటే నవ్వింది. ఆమె కుడిచేతి చిటికెన వేలు వంకర. ఎప్పుడో వరి కోతల్లో కొడవలికి తెగి అలా అతుక్కుంది.

"బిడ్డా," అంది. "నేనొక్కపారి కారు సూస్తరా."

వీరేశం చెయ్యి ఆపలేదు. "ఇప్పుడొద్దమ్మా."

"ఊరికెనే. మెల్లగనే సూస్త."

"నీ కడియాలు తగుల్తే గీత పడ్తది. పున్నం అయినంక సూద్దువు. గురువుగారు ముందు ఎక్కాలె గద."

అండాలమ్మ రెండు చేతులకూ వెండి కడియాలున్నాయి. పెళ్ళినాడు తొడిగినవి. మొగుడు పోయిన రోజు కూడా అవి తియ్యడానికి చుట్టాలు చూశారు. మణికట్టు దాటి రాలేదు, అలాగే వదిలేశారు.

ముందుకు చాపిన చేతులు ఆమె వెనక్కి తీసుకుంది. కడియాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.

"మంచిది బిడ్డా," అంది.

వీరేశం ప్లాస్టిక్ కవరు మళ్ళీ తొడుక్కుని బానెట్ నిమిరాడు. నీళ్ళ మీద చెయ్యి పెట్టినట్టుంది. అతనికి ఒళ్ళు జల్లుమంది. తల్లి వైపు చూడలేదు.

పున్నమి ముందురోజు పొద్దు వాలేసరికి పాలిష్ పని అయిపోయింది. వీరేశం నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, అలాగే నిలబడిపోయాడు. బానెట్‌లో రేకుల అంచు ఉంది, కరెంటు తీగ ఉంది, తీగ మీద కూర్చున్న పావురం ఉంది, ఆ పైన ఎర్రబడుతున్న ఆకాశమంతా ఉంది. కారు అనే వస్తువు మాయమై, అక్కడ ఆకాశానికి ఒక కిటికీ తెరిచినట్టుంది. సాలెగూడు గీత ఒక్కటీ లేదు.

'మనసు ఇట్ల కావాలె,' అనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. అతను దొంగ మనిషి కాదు.

వ్యాక్స్ రేపు పొద్దున పట్టించొచ్చు. గుడ్డ కప్పితే గీత పడుతుందని కారును అలాగే షెడ్డు కింద వదిలి, దుకాణం మూసి రావడానికి వెళ్ళాడు. వచ్చేసరికి చీకటి పడింది.

మర్నాడు తెల్లవారి చలి కొరికేస్తోంది. వీరేశం స్నానం చేసి, మడత విప్పని చొక్కా వేసుకుని, వ్యాక్స్ డబ్బా మూత తీశాడు. అది పాత బెల్లం ముద్దలా గడ్డ కట్టి ఉంది. గుడ్డతో గీకితే పొడి రాలింది కానీ మెత్తబడలేదు. తెప్పించి ఇచ్చినవాడు ముందే చెప్పాడు, చలికి ఇది కదలదు, ఒంటి వేడి తగిలితేనే పారుతుందని. డబ్బాను చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంతలో గేటు చప్పుడైంది.

బక్కయ్య గురువు. మఫ్లరూ, భుజాన కండువా, చేతిలో గుడ్డసంచి. ఫస్ట్ బస్సుకే వచ్చేశాడు.

"గురువుగారు! బండి తీస్కొని నేనే వద్దునాయె గద."

"నాకు ఫస్ట్ బస్సు అలవాటు బిడ్డా. సంకల ఏంది, జ్వరమా?"

వీరేశం సిగ్గుపడి డబ్బా బయటికి తీశాడు.

గొంతు వినగానే అండాలమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. వంగి గురువు పాదాలు తడిమింది. లేస్తుంటే ఆయన ఆమె రెండు మణికట్లూ పట్టుకున్నాడు. పట్టుకుని వెంటనే వదల్లేదు. బొటనవేళ్ళు ఆ మణికట్ల మీద పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత తల తిప్పి షెడ్డు కింద మెరుస్తున్న కారు వైపు చూశాడు.

"పాణం మంచిగున్నదా అమ్మా?"

"మంచిగనే ఉన్న సామీ."

వీరేశం ఇవేం చూడలేదు. అతని తొందర అతనిది. ఇంకా వ్యాక్స్ పట్టించలేదు, చాపలు పరచలేదు, మిగతా శిష్యులు వచ్చే వేళవుతోంది. అయినా గురువును ముందు కారు దగ్గరికి తీసుకువెళ్ళకుండా ఉండలేకపోయాడు.

"సూడుండ్రి గురువుగారు."

గురువు చూశాడు. ఆయన కళ్ళు కూడా పెద్దవయ్యాయి. "అబ్బ," అన్నాడు. పొగడాలని అన్న మాట కాదు అది, దానంతటదే వచ్చింది. "నీ చేతుల పని ఉన్నది వీరేశం. ఇంత మంచిగ నేనెన్నడు సూడలే."

వీరేశం ఛాతీ ఉబ్బింది. ఇక ఆగలేదు. "మొత్తం నేనే చేసిన గురువుగారు. ఎండలవెట్టి సూసినా ఒక్క గీత కనపడది. ఒక్క మరక ఉండది. పాలిష్ అయినంక దీన్ని ఎవ్వలు ముట్టలే."

"ఎవ్వలు ముట్టలే?"

"ఎవ్వలు. మా అమ్మను గూడ ముట్టనియ్యలే."

అరుగు దగ్గర అండాలమ్మ తల వంచుకుంది. భాగ్య చాప పరుస్తున్నదల్లా ఆగిపోయింది.

"గట్లనా," అన్నాడు గురువు. "జర ఇటు రా."

పొద్దు అప్పుడే లేచి షెడ్డు కిందికి ఏటవాలుగా కొడుతోంది. బానెట్ మీద ఆ వెలుగు కళ్ళు చెదరగొడుతోంది. గురువు భుజం మీది కండువా తీసి విప్పి, తన తల మీదా వీరేశం తల మీదా కలిపి కప్పాడు. అతని మెడ మీద చెయ్యి వేసి మెల్లగా బానెట్ మీదికి వంచాడు.

కండువా కింద చీకటి. చీకట్లో నల్లటి అద్దం. అద్దంలో పక్కపక్కనే రెండు మొహాలు, ఒకటి ముడతలది, ఒకటి నున్నగా గీసుకున్నది.

గురువు నోరు తెరిచి, మాట్లాడకుండా, బానెట్ మీద నిదానంగా ఊపిరి వదిలాడు.

మొహాలు రెండూ ఆవిరిలో మాయమయ్యాయి. అవి ఉన్న చోట ఒక చెయ్యి లేచింది.

చిన్న చెయ్యి. వేళ్ళు విడివిడిగా పరిచి ఆనించిన అరచెయ్యి. గీతలన్నీ ఉన్నాయి. వేళ్ళ కణుపులున్నాయి. చిటికెన వేలు పక్కకు వంగి ఉంది.

వీరేశం ఊపిరి బిగబట్టాడు. ఆవిరి అంచుల నుంచి కరిగిపోతూ వచ్చింది. వంకర వేలు చివరిదాకా నిలబడి, అది కూడా పోయింది. మళ్ళీ నల్లటి అద్దం, రెండు మొహాలు. అక్కడ ఎవరూ ఎన్నడూ ముట్టనట్టే ఉంది.

గురువు కండువా కింద నుంచి తల తీసేశాడు. కండువా వీరేశానికే వదిలేశాడు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

వీరేశం ఈసారి తనే ఊదాడు. చెయ్యి లేచింది. జానెడు పక్కన ఊదాడు. ఇంకో చెయ్యి. ఈసారి ఎడమది. కొంచెం కింద, దీపం వంపు దగ్గర, నాలుగు వేళ్ళ కొసలు. అక్కడ గుండ్రంగా తిరిగాయి, అది దీపమని తెలుసుకునేదాకా తిరిగాయి. ముందు భాగాన కంపెనీ గుర్తు చుట్టూ ఒక్క వేలు గీసిన దారి ఉంది.

అతను కారు చుట్టూ వంగి నడవడం మొదలుపెట్టాడు. ఊదుతూ, చూస్తూ, అది చెరిగిపోయాక ఇంకోచోట ఊదుతూ. భాగ్య అతన్ని పిలవబోయి మానుకుంది. చక్రం పైన వంపు పొడవునా అరచెయ్యి జారిన జాడ ఉంది. సైడు అద్దం దగ్గర రెండు చేతులూ దాన్ని అటూ ఇటూ పట్టుకున్నాయి, మనవరాలి చెంపలు పట్టుకున్నట్టు. పైన కప్పు మీద వేళ్ళ కొసలు మాత్రమే ఉన్నాయి. పొట్టి మనిషి, మునివేళ్ళ మీద లేచి అందినంత చూసింది. డిక్కీ మీద, వెనక బంపర్ మీద, నంబరు ప్లేటు మీద, ఎక్కడ ఊదితే అక్కడ ఆ చెయ్యి లేచి వస్తోంది. తాను ఇన్నాళ్ళు అంగుళం అంగుళం తిరిగిన దారి అంతా ఆమె తిరిగింది. ఎక్కడా తొందరపడలేదు.

ఎక్కడా ఒక్క గీత లేదు.

చివరికి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. అది తాను కూర్చునే చోటు. మోకాళ్ళ మీద కూర్చుని, కండువా మొహం చుట్టూ లాక్కుని ఊదాడు.

తలుపు మీద రెండు అరచేతులు. బాగా ఆనించినవి, మిగతా అన్నిటికంటే చిక్కగా ఉన్నాయి. ఆ రెండింటి మధ్యన ఒక గుండ్రటి మచ్చ. దాని పై అంచున సన్నగా నాలుగైదు వెంట్రుకల గీతలు.

అదేమిటో అతనికి తెలియలేదు. మళ్ళీ ఊదాడు. తర్వాత తెలిసింది. ఆమె అక్కడ రెండు చేతులూ ఆనించి, వాటి మధ్యన నుదురు పెట్టి నిలబడింది. చాలాసేపు నిలబడింది. కొడుకు ఈ తలుపు వెనక కూర్చుని రోడ్డు మీదికి వెళతాడని తెలిసి నిలబడింది.

అతను అక్కడే కూర్చుండిపోయాడు. ఆ నుదురు చెరిగిపోయింది. అతనికి మళ్ళీ ఊదడానికి ఊపిరి చాలలేదు.

"బిడ్డా," అంది అండాలమ్మ అరుగు మీద నుంచి. చప్పుడు ఆగిపోయిందని ఆమెకు భయం వేసింది. "కోపం చెయ్యకురా. నిన్న నువ్వు దుకాణం పోయినప్పుడు ఒక్కపారి సూసిన. చేతులు కడుక్కోనే సూసిన."

వీరేశం తల తిప్పి తల్లిని చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి. కడియాలుండే చోట చర్మం తెల్లగా, పసిపిల్లల చర్మంలా ఉంది. దాని మీద బొటనవేలి కీలు దగ్గర ఎర్రగా గీరుకుపోయింది.

"అమ్మా, కడియాలేవి?"

"తీసిన. నువ్వు గీతలు పడ్తయంటివి గద."

"ఎట్లొచ్చినయి?"

భాగ్య చెప్పింది. "సబ్బు రాసి గుంజిన. జర సేపు పట్టింది. నొచ్చిందా అత్తమ్మా అంటే, నొయ్యలే గుంజు అన్నది."

మొగుడు పోయిన నాడు రాని కడియాలు.

వీరేశం లేచి నిలబడ్డాడు. తత్వాలన్నీ కంఠతా వచ్చిన మనిషి అతను. ఒక్క చరణం కూడా గుర్తుకు రాలేదు. పంచెకు మోకాళ్ళ దగ్గర మట్టి అంటుకుందని కూడా చూసుకోలేదు.

తల్లి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఆమె తడబడుతూ అతని వెంట నడిచింది. బానెట్ ముందు నిలబెట్టి, వ్యాక్స్ డబ్బా మూత తీసి, ఆమె అరచేతిలో ఆ గడ్డను పెట్టాడు.

"ఇదేంది బిడ్డా?"

"మైనం అమ్మా. దీనికి చేతి వేడి కావాలె. గుడ్డతోని పడ్తలేదు."

"నేనా?"

"నువ్వే."

"గీత పడ్తదేమోరా."

"పడనియ్యమ్మా," అన్నాడు.

అండాలమ్మ ఆ గడ్డను రెండు చేతుల మధ్య పెట్టి నలిపింది. పిల్లలకు నూనె రాసే ముందు అరచేతులు నలిపినట్టు నలిపింది. చలికి రాయిలా ఉన్నది ఆమె చేతుల్లో మెత్తబడింది, పారింది. ఆమె వంగి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, అంచుల దాకా పరుస్తూ పోయింది. నల్లటి మెరుపు మీద పల్చటి మబ్బు కమ్మింది. ఆ మబ్బులో ఆమె చేతులు నడిచిన దారులన్నీ కనబడుతున్నాయి. వంకర చిటికెన వేలు పక్కన ఇంకో సన్న దారి వేస్తూ పోతోంది.

"ఏం రంగురా ఇది?"

"నలుపమ్మా."

"మంచిగున్నది," అంది. "సల్లగ, మబ్బు మీద చెయ్యి వెట్టినట్టున్నది." కాసేపు పూసి, మళ్ళీ అంది. "ఇంత పెద్దదాన్ని నువ్వొక్కనివే రుద్దినవా? చేతులు గుంజుతలేవా నీకు?"

శిష్యులు ఒక్కొక్కరే గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు. గొర్రెల మల్లేశం తంబురా కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. బీడీల రాజవ్వ ఒకసారి ఆ మణికట్లను చూసి, వీరేశం తల మీద ఇంకా అలాగే వేలాడుతున్న కండువాను చూసి, చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో ఆమెకే తెలియాలి.

పూత ఆరాక వీరేశం మెత్తటి గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. మబ్బు తొలగిన చోటల్లా ఆకాశం బయటపడింది. అండాలమ్మ అతని పక్కనే, ఒక చెయ్యి కారు మీద పెట్టుకుని, అతనితోపాటే చుట్టూ తిరిగింది.

పని పూర్తయ్యాక వీరేశం ముందు తలుపు తీశాడు. గురువు వైపు చూశాడు. మొదట ఎక్కాల్సింది ఆయన కదా.

గురువు అప్పటికే సంచి సర్దుకుని లేచి వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. "నన్నేం సూస్తవ్? మా బస్సులల్ల ముందటి సీట్లు ఎప్పుడన్న ఆడోళ్ళయే."

అందరూ నవ్వారు. వీరేశం తల్లిని రెండు చేతులతో పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె వెంటనే సీటును, ముందున్న సొరుగు మూతను, అద్దాన్ని చూడడం మొదలుపెట్టింది. ఇప్పుడు లోపలంతా చూడాలి ఆమెకు.

అప్పుడు గుర్తొచ్చింది వీరేశానికి, ఈ రోజు ఏ రోజో. వెనక్కి తిరిగి, మెల్లగా అడిగాడు. అడుగుతుంటే అతని గొంతులో పాత తొందర లేదు.

"గురువుగారు, ఆ మాట..."

బక్కయ్య గురువు చెయ్యి చాపి, అతని తల మీది కండువా తీసుకుని, దులిపి, తన భుజాన వేసుకున్నాడు.

"చెప్పిన గద," అన్నాడు.